అద్దాల బీరువాలో నీళ్ళు

నాచారం,
30 ఆగస్టు 1974

ఉమామహేశ్వర్‌కు,

నువ్వు మంగోలియాలో క్షేమంగా దిగావన్న సంగతి ఉప్పల్ రోడ్డులో మీ ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గర వాచ్‌మన్ చెబితే తెలిసింది. సొంత బావకు వాచ్‌మన్ చెప్పాలా? భూమి కంపిస్తే పట్టుకునే యంత్రాలు బిగించడానికి పోయినవాడివి, ఇక్కడ మీ అక్క ఎంత కంపించిపోతోందో పట్టుకోలేకపోయావు. "ఉన్ని బట్టలు సరిపోను కొనుక్కవోయిండో లేదో. ఆడ తాగే నీళ్ళు సుత గడ్డ గడ్తయట" అని రోజూ నా ప్రాణం తీస్తోంది. ముందు ఆమెకు రాయి. నాకు రాయవలసింది వేరే ఉంది.

నువ్వున్న ఊళ్ళో పాత బౌద్ధాలయం ఒకటి ఉందనీ, దాన్ని మ్యూజియం చేశారనీ విన్నాను. వెళ్ళు. లోపలా బయటా ఫొటోలు తీసి పంపు. 'ఆకురాయి'లో వేస్తాను. పొద్దంతా ఫ్యాక్టరీ స్టోర్సులో బోల్టులూ బేరింగులూ చూసుకుని, సాయంత్రం లాలాపేట ప్రెస్సులో కూర్చుని ఆ పత్రిక నడపడం ఎందుకని అడుగుతుంటావు కదా, ఇందుకే. మనవాళ్ళు మ్యూజియంకు పోయినా విగ్రహం కనబడగానే చెప్పులు విడుస్తారు. కింద రాసిన బోర్డు చదవరు, చెంపలు వేసుకుంటారు. దేవుణ్ణి అద్దం వెనక నిలబెట్టి, ఏ శతాబ్దం వాడో పక్కన రాసి, టికెట్టు కొని చూసి ఇంటికి పోగలిగిన జనం ఈ భూమ్మీద ఉన్నారని వీళ్ళకు ఫొటోతో సహా చూపించాలి.

నన్ను వట్టి మాటల మనిషి అనకు. నా ఇంట్లో నేను చేసే చూపించాను. మీ అమ్మ పోయాక భువనగిరి నుంచి మీ అక్క వాటాకు వచ్చిన ఇత్తడి విగ్రహాలను పూజ గూట్లో పెట్టనివ్వలేదు. ముందు గదిలో అద్దాల బీరువాలో, యూనియన్ వాళ్ళిచ్చిన షీల్డు పక్కన పెట్టించి తాళం వేశాను. ఎవరైనా వస్తే "ఇది మన పల్లె కంచర్ల పనితనం" అని చెబుతాను. ఆ రోజు మీ అక్క అన్నం తినలేదు. ఇప్పుడు చూడు, ప్రతి శుక్రవారం తనే తాళం అడిగి తీసుకుని దుమ్ము తుడిచి పెడుతోంది. మనిషికి ఆలోచన నేర్పితే నేర్చుకుంటుంది.

కాబట్టి కొండలూ గుర్రాలూ తీసి ఫిల్ము తగలెయ్యకు.

ఎదురుచూస్తూ,
బసవరాజు

*

22 సెప్టెంబరు 1974

దేవుళ్ళకు తాళం వేసిన బావకు,

అక్కకు వేరే రాశాను. ఇది చదివి వినిపించకు, ఇందులో ఆమె ఆనందించే భాగం ఉంది, నీకు కోపం వస్తుంది.

ఇక్కడ ఆకు రాలే కాలం మొదలైంది. మన దగ్గర ఆకులు ఎప్పుడు రాలాయో ఎవరికీ తెలియదు, వేపచెట్టు ఒకచేత్తో రాలుస్తూ ఇంకోచేత్తో చిగురిస్తుంది. ఇక్కడ కొండ మొత్తం ఒక్కసారి పసుపు పూసుకున్నట్టయింది. మొన్న గాలి కొట్టింది, సగం కొండ ఖాళీ. మా భూకంప స్టేషన్ వాళ్ళు "ఫొటోలు తీయాలంటే ఈ వారమే తీయాలి" అన్నారు. సరే, నీ ఆజ్ఞ కదా, వెళ్ళాను.

గుడి పైకప్పు పలకలు ఆకుపచ్చవి. సందుల్లో గడ్డి మొలిచి ఎండిపోయింది. బయట ఎంత వెలుతురో లోపల అంత చీకటి. ఫ్లాష్ వాడకూడదన్నారు. ఎండ లోపలికి వచ్చేది తూర్పు తలుపులోంచి, అదీ పొద్దున్నే, మ్యూజియం తెరవక ముందు. డైరెక్టర్ అనుమతి ఇచ్చింది తెరిచాక. తెరిచే వేళకు ఎండ గడప దాటి బయటికి పోతుంది. నాలుగు ఫొటోలు తీస్తే నాలుగూ బొగ్గు.

తలుపులు తీసే ముసలాయన పేరు గొంబో. నేను గడపలో తిప్పలు పడటం చూసి, మర్నాడు పొద్దున్నే రమ్మని సైగ చేశాడు. ఆయనకు రష్యన్ కొంచెం వచ్చు, నాకూ అంతే. నీతో పాటు హైదరాబాద్‌లో ఆ సాయంకాలం రష్యన్ క్లాసుకు పోయినందుకు మొదటిసారి నీకు థాంక్స్ చెబుతున్నాను. గొంబో చిన్నప్పుడు అదే గుడిలో ఉండేవాడట, నేర్చుకునే పిల్లల్లో ఒకడుగా. అది మ్యూజియం అయ్యాక అక్కడే తాళాలు తీసే పనికి కుదిరాడు.

మర్నాడు ఎండ బాగా పడింది. అద్దాల పెట్టెలో విగ్రహం, దాని ముందు వరసగా చిన్న కంచు గిన్నెలు. "పూజా పాత్రలు" అని చీటీ. తీశాను, వచ్చి స్టేషన్ చీకటి గదిలో ఫిల్ము కడిగాను. నీళ్ళలో కాగితం మీద బొమ్మ తేలుతుంటే ఏదో తేడాగా అనిపించింది. గిన్నెల్లో కిటికీ కనబడుతోంది, బావా! ఖాళీ గిన్నెలో కిటికీ ఎట్లా కనబడుతుంది? నీళ్ళుంటేనే కనబడుతుంది.

ఆ మర్నాడు మళ్ళీ పోయాను. జనం వచ్చే వేళకు ముసలాయన అద్దం జరిపి, ఒక్కొక్క గిన్నెలో నీళ్ళు డబ్బాలోకి ఒంపి, బట్టతో తుడిచి, ఎక్కడివి అక్కడ పెట్టేస్తున్నాడు. అడిగితే "ఎండిపోతే గిన్నెలు పగులుతాయి" అన్నాడు. కంచు గిన్నె ఎండిపోయి పగలడం ఎప్పుడైనా విన్నావా? నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. రోజూ పొద్దున విగ్రహానికి నైవేద్యంగా పోస్తాడు, జనం రాకముందు తీస్తాడు. పగలంతా మ్యూజియం, పొద్దున ఒక్క ఘడియ గుడి.

ఇప్పుడు చెప్పు. నీ అద్దం గెలిచిందా, ఆయన గిన్నె గెలిచిందా? జవాబు లేకపోతే లేదని రాయి, మీసం తీసెయ్యమని అడగను.

ఫొటోలు జత చేశాను. గిన్నెలది అన్నిటికన్నా బాగా వచ్చింది.

నీ
ఉమ

*

నాచారం,
16 అక్టోబరు 1974

గెలిచానని గంతులేస్తున్న బావమరిదికి,

జవాబు లేదనుకున్నావా? జవాబు అచ్చయి పత్రిక కుట్టి సిద్ధంగా ఉంది. ఒక ప్రతి నీకు వేరుగా పంపాను. గిన్నెల ఫొటోకు బ్లాక్ చేయించి మొదటి పేజీలో వేశాను. వ్యాసం పేరు 'అద్దం చాటు అర్చకుడు'. చదువుకో.

నువ్వు ముచ్చటపడి రాసింది నాకు ఒళ్ళు మండించింది. జనం సొత్తుకు కాపలా పెడితే, ఆ కాపలాదారే తెల్లవారకుండా తలుపు తీసి దొంగపూజ చేస్తాడా? గుడి ఉన్నన్నాళ్ళూ జనం తల మీద కూర్చున్నవాళ్ళు, గుడి పోయాక జనం జీతం తీసుకుంటూ పాత పనే చేస్తున్నారు! ఇదే మన దగ్గరా. ఫ్యాక్టరీకి మిషన్ వస్తే ముందు నిమ్మకాయ కోసేది ఇంజనీరే. మూఢత్వం గుడిలో ఉన్నప్పుడు కంటికి కనబడుతుంది, కొట్టొచ్చు. ఇట్లా మ్యూజియం ఉద్యోగంలో దూరి కూర్చుంటే ఎట్లా కొడతావు? పేరు పెట్టి బయటికి లాగాలి. లాగాను.

కంపోజ్ చేస్తూ జ్ఞానయ్య నసిగాడు. ఎరుగుదువు కదా, ప్రెస్సులో టైపు పేర్చే జ్ఞానయ్య, ఆదివారం ఆదివారం లాలాపేటలో ప్రార్థనకు పోతాడు. "సార్, గా ముసలాయన పేరు తీసేద్దుమా? ఎవలో ఒకలంటే సరిపోతది గదా" అన్నాడు. "ఏం జ్ఞానయ్యా, నీ దేవునికి వాళ్ళ దేవుడు చుట్టమా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. పేరు ఉంచాను. పేరు లేని విమర్శ ఆకాశరామన్న ఉత్తరం లాంటిది.

ఇంకో మంచి పని కూడా చేశాను. ఆ మ్యూజియం డైరెక్టర్‌కు ఒక ప్రతి పంపాను. తెలుగు ఆయనకు రాదు కదా, వ్యాసం సారాంశం రష్యన్‌లో సొంతంగా రాసి పెట్టాను, నిఘంటువు ముందేసుకుని. అంత దూరంలో ఒక ఫ్యాక్టరీ గుమాస్తా తన మ్యూజియం గురించి ఇంత పట్టించుకున్నాడంటే ఆయన సంతోషిస్తాడు. తప్పులుంటే నువ్వు దిద్ది చెప్పు.

మీ అక్క బతుకమ్మ పేరుస్తోంది. వద్దనలేదు. పూల పండగకు నాకు అభ్యంతరం లేదు.

బసవరాజు

*

20 అక్టోబరు 1974

బావా,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఈలోగా ఇది రాయాలి.

నిన్న గొంబో తాత తన గదికి పిలిచాడు. ఉప్పు వేసిన పాల టీ ఇచ్చాడు. నువ్వయితే ఉమ్మేసేవాడివి, నేను రెండు గిన్నెలు తాగాను. గోడకు ఒక్క బొమ్మ లేదు, దీపం లేదు. "ఇంట్లో ఏమీ పెట్టుకోలేదేం?" అన్నాను. "అక్కడ ఉంది కదా, ఇక్కడెందుకు?" అన్నాడు. భార్య లేదు, పిల్లలు లేరు. పొద్దున్నే ఆ తలుపు తీయడానికి లేస్తాడు. లేవడానికి ఆయనకు ఇంకో కారణం లేదు, బావా, నేను చూశాను.

వచ్చేటప్పుడు గడప దగ్గర చెయ్యి పట్టుకున్నాడు. "గిన్నెలు నువ్వు చూశావు, ఫరవాలేదు. నీ కళ్ళు దూరదేశం పోతాయి. ఇక్కడ ఎవరికీ చెప్పకు" అన్నాడు. సరేనన్నాను. కానీ అప్పటికే నీకు రాసేశాను కదా.

ఎందుకు రాశాను? నీ మీద ఒక్క వాదన గెలవాలని. అక్కను పెళ్ళి చేసుకున్నప్పటి నుంచి ఏ వాదనా నన్ను గెలవనివ్వలేదు నువ్వు. దొరికింది కదా అని ఆ మనిషిని తీసి నీ ముందు పెట్టాను.

గిన్నెల ఫొటో వేయకు. గుడి బయటి ఫొటోలు వేసుకో, కొండ వేసుకో. ఆయన మాట రాయకు. అక్క మీద ఒట్టు అంటే నీకు నమ్మకం లేదు. అయినా అంటున్నాను.

ఉమ

*

నాచారం,
11 నవంబరు 1974

ఉమకు,

నీ ఉత్తరం వచ్చింది. నాది నీకు ఈపాటికి చేరి ఉంటుంది. ఏం జరిగిందో నీకు తెలిసిపోయి ఉంటుంది.

ముందు నా వైపు నుంచి చెప్పనీ. వ్యాసంలో నేను ఒక్క అబద్ధం రాయలేదు. నువ్వు రహస్యమని రాయలేదు. రాసింది పత్రిక నడిపే మనిషికి. పైగా "చెప్పు, జవాబు చెప్పు" అని రెచ్చగొట్టావు. చెప్పాను. ఇందులో నా తప్పేమిటి?

ఇట్లా మొదలుపెట్టి నిన్న ఒక పూర్తి ఉత్తరం రాసి చింపేశాను. ఎంత గట్టిగా వాదించానంటే, చదువుకుంటే ఎదుటివాడు ఎవడో నాకే అర్థం కాలేదు. నువ్వు కాదు. ఆ ముసలాయన అంతకన్నా కాదు, ఆయన నాతో ఒక్క మాట అనలేదు కదా.

రాజుతో కొట్లాడానా నేను? మఠంతోనా? జమీందారుతోనా? తెల్లవారి లేచి గిన్నెలో నీళ్ళు పోసుకునే ఒక ముసలి మనిషిని, ఊరూ పేరూ వేసి, ఆయన యజమానికి పట్టించాను. ఎవరూ అడగలేదు, జీతమివ్వలేదు. నాకై నేను నిఘంటువు వెతికి మరీ చేశాను.

నాచారం పోస్టాఫీసుకు పోయాను, ఆ కవరు ఎక్కడైనా ఆగి ఉంటే వెనక్కి తెప్పించవచ్చా అని. కౌంటర్లో ఆయన నవ్వాడు. "విమానం ఎక్కిన కవర్‌ని ఇంకేం దించుతం సార్? లగ్గం పత్రికనా ఏంది?" అన్నాడు. 

విను. ఒక దారి ఉంది. నువ్వు డైరెక్టర్ దగ్గరికి పో. "ఆ నీళ్ళు నేనే పోశాను, ఫొటోలో మెరుపు రావాలని పోశాను, ముసలాయనకు తెలియదు, మా బావ పత్రిక కోసం కథ అల్లాడు" అని చెప్పు. నన్ను ఎంత పిచ్చివాడిగా చేసినా సరే. నేనూ ఆయనకు అదే రాస్తున్నాను. చిన్నప్పటి నుంచి నిజం నిజం అని నీ చెవులు కొరికినవాణ్ణి, అబద్ధం చెప్పమని అడుగుతున్నాను. చెప్పు. గట్టిగా చెప్పు.

మీ అక్కకు ఈ సంగతి చెప్పలేదు. ధైర్యం చాల్లేదు.

బసవరాజు

*

8 డిసెంబరు 1974

బావా,

మంచు కప్పేసింది. పొద్దున తలుపు తెరవాలంటే పారతో తవ్వాలి.

నీ పత్రిక నవంబరు మొదట్లోనే డైరెక్టర్‌కు అందింది. ఆయన చెడ్డవాడేం కాదు. నన్ను పిలిచి, కాగితం ముందు పెట్టి, "ఇది మీ బంధువేనా?" అన్నాడు. నీ రష్యన్‌లో తప్పులు దిద్దమన్నావు కదా. దిద్దడానికేమీ లేదు. ప్రతి మాటా ఆయనకు స్పష్టంగా అర్థమైంది.

అప్పటికే గొంబో తాత మీద పైవాళ్ళ విచారణ మొదలైంది. తెరవక ముందు బయటివాణ్ణి లోపలికి రానిచ్చాడు, అద్దం జరిపాడు, ప్రదర్శన వస్తువులు వాడాడు. మొదటి తప్పు నా ఫొటో కోసమే చేశాడు. నువ్వు వ్యాసంలో ఎండ ఎంత బాగా పడిందో కూడా రాశావు. ఏ వేళకు పడుతుందో వాళ్ళకు తెలియదా?

నీ నవంబరు ఉత్తరం రాగానే పోయి నువ్వు చెప్పినట్టే చెప్పాను. నేనే పోశాను, మెరుపు కోసం అన్నాను. డైరెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆయనకూ కావలసింది అదే అనిపించింది. నన్ను నాలుగు తిట్టి, ఇక కెమెరాతో రావద్దన్నాడు. కాగితం రాసి, దాని మీద సంతకం పెట్టమని గొంబో తాతను పిలిచాడు. చదివి వినిపించాడు.

తాత విన్నాడు. నా వైపు చూశాడు. "నీళ్ళు నేను పోశాను. ఫొటో కోసం పోయలేదు" అన్నాడు. అంతే. సంతకం పెట్టలేదు.

బయటికి వచ్చాక మంచులో నిలబడి అడిగాను, ఎందుకిట్లా చేశావని. "నన్ను కాపాడాలని అబద్ధం చెప్పావు, మంచివాడివి. కానీ అవి నీ నీళ్ళయితే, ఇన్నేళ్ళు నేను చేసిందేమిటి?" అన్నాడు.

ఇప్పుడు ఊరి చివర గోదాములో బొగ్గు ఎత్తే పని ఇచ్చారు. ఈ చలిలో ఆ వయసులో బొగ్గు ఎత్తడం ఎట్లా ఉంటుందో రాయను. గిన్నెల పెట్టెకు సీలు వేశారు.

ఆదివారం రొట్టె తీసుకుని పోయాను. తింటూ ఒకటే అడిగాడు. "ఫొటో వేసిన మీ బావ ఇంట్లో గిన్నెలు ఎవరు కడుగుతారు?" ఎగతాళిగా అడగలేదు, బావా. అట్లా అడిగితే బాగుండేది. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"మా అక్క" అన్నాను. "మంచిది" అని తల ఊపాడు.

అప్పుడు గుర్తొచ్చింది, శుక్రవారం దుమ్ము తుడుస్తుందని నువ్వు రాసిన మాట. అద్దాల బీరువాలో వారం వారం తుడవాల్సినంత దుమ్ము ఎట్లా చేరుతుంది?

వాదన కోసం అడగడం లేదు.

ఉమ

*

ఉప్పల్,
3 జనవరి 1975, శుక్రవారం

ఉమా,

ఇది ఇంట్లో కూర్చుని రాయడం లేదు. ఉప్పల్ చౌరస్తా హోటల్లో, పొద్దున్నే, రెండో చాయ్ ముందు పెట్టుకుని రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

నీ ఉత్తరం పోయిన గురువారం వచ్చింది. మర్నాడు మీ అక్క ఎప్పటిలాగే తాళం అడిగింది. ఇచ్చి, ప్రూఫులు దిద్దుతున్నట్టు తల వంచుకుని చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు నేను. విగ్రహాలను తడిబట్టతో తుడిచింది. తర్వాత ఒక చిన్న ఇత్తడి గిన్నె, మీ అమ్మదే అనుకుంటా, నీళ్ళతో తెచ్చి యూనియన్ షీల్డు చాటున పెట్టింది. పెదవులు కదిలాయి. అద్దం మీద నా మొహం కనబడ్డట్టుంది, ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"నువ్వు బీరువల వెట్టిన కాన్నుంచి."

"నాతో ఒక మాట చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఏం జేస్తుంటివి? పేపర్ల రాస్తుంటివి."

 అప్పుడు చెప్పాను గొంబో తాత సంగతి, మొదటి నుంచి చివరిదాకా. నిలబడే విన్నది. తిట్టలేదు. "బొగ్గు ఎత్తుతున్నడా? సేతులకు ఏమన్న కట్టుకునేటియి ఉన్నయా ఆయనకు?" అంది. సాయంత్రం ట్రంకు పెట్టెలోంచి పాత ఉన్ని శాలువా తీసి విప్పి, చేతి మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టింది. అయ్యాక పంపుతాను. మల్కాజిగిరి పోస్టాఫీసు నుంచి పంపుతాను, నాచారం కౌంటర్ వాడి మొహం చూడలేను.

నేను మారానని అనుకోకు. దేవుడు లేడు. రేపు ఎవడు అడిగినా లేడనే చెబుతాను, మైకు ఇస్తే ఇంకా గట్టిగా చెబుతాను. మఠాలు జనాన్ని తిన్న మాటా అబద్ధం కాదు. కానీ నేను కొట్టింది మఠాన్ని కాదు. ఆ తేడా నాకు తెలియాల్సిన వయసు ఎప్పుడో దాటింది. ఇది నన్ను వదలదు, వదలాలని నేనూ అడగను.

డైరెక్టర్‌కు మళ్ళీ రాశాను, ఈసారి అబద్ధం లేకుండా. ఆయన్ను పాత పనిలో పెట్టమని. ఫలితం ఉండదని తెలుసు. 'ఆకురాయి' వచ్చే సంచికలో మొదటి పేజీకి రెండు వాక్యాలు ఇచ్చాను: "గొంబో అనే మనిషి గురించి ఈ పత్రిక రాసినదాంట్లో అబద్ధం లేదు. అయినా అది రాయకూడనిది; రాసినందుకు సంపాదకుడు సిగ్గుపడుతున్నాడు." జ్ఞానయ్య పేర్చి, కింద ఖాళీ చూసి, "గింతేనా సార్?" అన్నాడు. "గింతే" అన్నాను. ఆ రోజు నేను విసిరిన చుట్టం మాటకు వాడు ఇప్పుడైనా నన్ను తిరిగి ఒక మాట అనొచ్చు. అనలేదు.

బీరువా తాళం మీ అక్క చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "తాళం నాకెందుకు? దేవుళ్ళు నువ్వు వెట్టిన కాడనే ఉన్నరు, నేను మొక్కేది నేను మొక్కుతున్న. ఇద్దరి మాట నిలవడ్డది. నువ్వు ఒక్కటి జెయ్యి. శుక్రారం పొద్దుగాల జర యాడికన్న పో. నువ్వు గట్ల గుడ్లప్పగించి సూస్తుంటే నాకు మనసొప్పది" అంది.

అందుకని ఇక్కడున్నాను. తాళం మేకుకు తగిలించి వచ్చాను. గొంబో తాతకు చెప్పు, ఇక్కడ గిన్నె కడుగుతున్నారని. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పకు.

నాచారం బస్సు వచ్చింది. కండక్టర్ ఎరిగినవాడే, "రా సార్, సీట్లున్నయి" అని పిలుస్తున్నాడు. ఇంకా ఎండ సరిగ్గా పడలేదు, ఆమెది అయిపోయి ఉండదు.

పొమ్మన్నాను.

నీ బావ